బొటనవేలు చూపించిన జబ్బు

నాకు డెబ్బై నాలుగేళ్ళు. ఈ వయసొచ్చి కూడా గుండె ఫొటో తీయించుకోని మగాడు బర్మామైన్స్ మొత్తంలో నేనొక్కణ్ణే. ఇంకొకణ్ణి చూపించండి, మీసం తీసేస్తాను. నా గుండె ఎలా ఉంటుందో నాకూ తెలీదు, ఏ మిషనుకీ తెలీదు. దాని మానాన అది కొట్టుకుంటోంది, నా మానాన నేను తిరుగుతున్నాను. అంత ధీమాగల మనిషిని కాబట్టే ఆదిబాబు సంగతి చెప్పడానికి నాకంటే తగినవాడు లేడు.

ఆదిబాబుది టెక్కలి వైపు. తాత కాలంలోనే ఉక్కు ఫ్యాక్టరీ పనికని ఇటు, ఈ హిందీ ఊరికి వచ్చేశారు. ఒక కాంట్రాక్టరు షెడ్డులో క్రేన్ నడుపుతాడు. కప్పు కింద అటూ ఇటూ పట్టాల మీద తిరుగుతుందే, ఆ క్రేన్. ఇరవై ఆరేళ్ళుగా అదే సీటు. ఒకసారి పందెం కట్టి నలభై టన్నుల కొక్కెంతో గంపలోంచి కోడిగుడ్డు లేపి, షెడ్డంతా తిప్పి, మళ్ళీ అదే గంపలో దించాడు. ఆ గుడ్డు తర్వాత పిల్లయిందనీ, ఆ పిల్ల పెద్దదై క్రేన్ చప్పుడు వినబడితే తప్ప గుడ్డు పెట్టేది కాదనీ అంటారు.

క్రేన్ సీటు దగ్గరికి వెళ్ళాలంటే నిలువు నిచ్చెన ఎక్కాలి. అరవై రెండు మెట్లు. పొద్దున ఎక్కుతాడు, మధ్యలో దిగుతాడు, మళ్ళీ ఎక్కుతాడు. యాభై రెండేళ్ళ మనిషి, టిఫిను డబ్బా భుజాన తగిలించుకుని, ఎక్కుతూనే కింద ఉన్నవాళ్ళని తిట్టేవాడు. ఎక్కుతూ తిట్టేవాడికి ఆయాసం లేనట్టే కదా.

అయితే పైన కూర్చున్నవాడికి కింద మాట వినబడదు. షెడ్డులో ఇనుము సాగగొట్టే రోలర్ల మోతకి గొంతు ఎందుకూ పనికిరాదు, చెయ్యే మాట. కింద బరువులు కట్టే ఖలాసీ నిలబడి వేలు పైకి తిప్పితే కొక్కెం పైకి పోవాలి. కిందకి తిప్పితే దిగాలి. పిడికిలి బిగించి బొటనవేలు ఒక పక్కకి విదిలిస్తే కొక్కెం వేలాడే ట్రాలీ ఆ పక్కకి జరగాలి. ఎవడు ఎంత అరిచినా సరే, చెయ్యి ఏం చెప్పిందో అదే. అరుపు విని బరువు కదిపినవాడు ఎవడి కాళ్ళో తీసేస్తాడు. చెయ్యి చూశాక ఆలోచించకూడదని మొదటి రోజే నేర్పుతారు. ఆదిబాబు ఇరవై ఆరేళ్ళుగా ఆలోచించలేదు.

అలాంటి మనిషికి గుండె జబ్బు ఎలా వచ్చిందో చెప్తాను.

మా వీధి చివర సూర్యం టీకొట్టు. ఒకప్పుడు అక్కడ ఓవర్‌టైం గురించీ, రైళ్ళ గురించీ మాట్లాడేవారు. రెండేళ్ళ నుంచి అక్కడ కూర్చోవాలంటే ఒక అంకె కావాలి, గుండె నరం ఎంత పూడిందో చెప్పే అంకె.

"నాది ముప్పై పర్సెంటురా," అంటాడొకడు.

"ముప్పై ఓ లెక్కా? నాది నలబై. అదీ రెండు సోట్ల," అంటాడు ఇంకొకడు.

నలభై వాడికి ముప్పై వాడు బెంచీ మీద జాగా ఇస్తాడు. నల్ల ఫిల్ములు పెద్ద కవర్లో పెట్టుకుని, పెళ్ళికి వెళ్ళినా చంకలో పెట్టుకునే వెళ్తారు. వీళ్ళలో ఒక్కడికీ గుండెలో నొప్పి లేదు. నొప్పి ఉన్నవాడు టీకొట్లో కూర్చుని అంకెలు చెప్పుకోడు. నొప్పి వచ్చి, ఆయాసం వచ్చి, డాక్టరు తీయించుకోమంటే తీయించుకున్నవాణ్ణి నేను ఎప్పుడూ వెక్కిరించను, అలాంటివాడు నూరేళ్ళు బతకాలి. నేను వెక్కిరించేది సినిమాకి వెళ్ళినట్టు స్కానుకి వెళ్ళేవాళ్ళని.

"బావా, నీదెంత?" అని ఆదిబాబుని అడిగారు ఒకరోజు.

"నాకేటీ నేదురా."

"నేదు కాదు బావా, తెల్దు. తీయించుకోకపోతే ఎలగ తెలుత్తాది?"

అంతే, మాట అయిపోయింది. పక్కవాడితో మాట్లాడుకున్నారు. ఆదిబాబు టీ తాగి లేచాడు గానీ, ఆ రోజు నుంచి ఆ బెంచీ మీద అతని మాటకి విలువ లేదు. గుడ్డు లేపిన కథ చెప్పబోతే, "ఉండు బావా, ఈడి ఎకో రిపోర్టు సూడనీ" అన్నారు.

సరిగ్గా అప్పుడే బలరామ్ క్యాంపు పెట్టాడు. బలరామ్ మా తెలుగు సంఘానికి కార్యదర్శి. స్కూటర్ సామాన్ల కొట్టుంది గానీ, ఆయన అసలు వృత్తి మైకు. ఎవరి పురుడైనా, ఎవరి పెద్దకర్మైనా మైకు ఆయన చేతిలోనే ఉంటుంది. వంతెన అవతల మాంగో అనే పేటలో కొత్తగా వెలసిన స్కాన్ సెంటరు వాళ్ళతో మాట్లాడి, సంఘం హాల్లో 'ఉచిత హృదయ పరీక్షా శిబిరం' అని బ్యానరు కట్టించాడు. బ్యానరు మీద గుండె బొమ్మ ఒక పక్కా, బలరామ్ బొమ్మ ఒక పక్కా. బలరామ్ బొమ్మే పెద్దది.

"ఏటయ్యా, నీకేటొచ్చినాదని ఎల్తావు?" అంది దాలమ్మ. ఆదిబాబు భార్య. ఆమె నోటికి వీధిలో కుక్కలు కూడా పక్కకి తప్పుకుంటాయి. "మొన్న గ్యాసు బండ బుజానెత్తుకుని మేడెక్కినావు. గుండె నేకుండా ఎక్కినావేటి?"

కూతురు సౌజన్య కాలేజీ పుస్తకంలోంచి తలెత్తి, "పాపా, దర్ద్ హై క్యా?" అంది.

"నొప్పేటి, నేదు."

"తో ఫిర్?" అంది.

మరైతే ఎందుకు అని ఆ పిల్ల అడిగిన రెండు మాటలు చాలు, తెలివైనవాడైతే ఆగిపోవాలి. "ఊరికినే కదమ్మా" అన్నాడు ఆదిబాబు. చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఆ హాల్లో వరసలో ఏడో కుర్చీలో కూర్చున్న ముసలాణ్ణి నేనే. మొదట్లో మీసం మీద ఏదో అన్నాను, అది పట్టించుకోకండి. బిస్కెట్ ప్యాకెట్టూ, ఎర్ర టోపీ ఇస్తున్నారన్నారు, వెళ్ళాను. టోపీ బాగుంది. తర్వాత పెద్ద స్కానూ తీయించుకున్నాను, నాది ఇరవై ఐదు పర్సెంటు. ఫిల్ము అడిగినవాడికీ చూపిస్తాను, అడగనివాడికీ చూపిస్తాను. మీసం మాత్రం తీయను.

హాల్లో ఈసీజీ తీశారు, జెల్లు రాసి ఎకో చేశారు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. అయినా కాగితం అడుగున 'సీటీ యాంజియో చేయించుకోవడం మంచిది' అని ఉంది, గుండె నరాల ఫొటో అన్నమాట. ఆదిబాబు కాగితంలోనూ ఉంది, నా కాగితంలోనూ ఉంది, హాలు ఊడ్చే ఆవిడ సరదాగా చేయించుకుంటే ఆవిడ కాగితంలోనూ ఉంది. ఆ వాక్యం డాక్టరు రాసింది కాదు, ప్రెస్సులో అచ్చయి వచ్చింది. దానికి సగం ధర కూపను పిన్నుతో గుచ్చి ఉంది. కూపనుకి గడువు పది రోజులు. జబ్బుకి గడువు లేదు గానీ కూపనుకి ఉంది.

పదో రోజున ఆదిబాబు ఆటో ఎక్కి, వంతెన దాటి, మాంగో వెళ్ళాడు.

తెల్లటి గది. చలి. పడుకోబెట్టారు, చేతులు తలపైకి పెట్టించారు, మోచేతి నరంలో సూది గుచ్చారు. పెద్ద గుండ్రటి మిషను మధ్యలో బల్ల. పక్కన గాజు కిటికీ, దాని వెనక టెక్నీషియన్ సూరజ్. మందు ఎక్కించగానే ఒళ్ళంతా వెచ్చగా పాకింది. పైనున్న స్పీకరు, "సాస్ రోకియే. హిలియే మత్," అంది. ఊపిరి బిగబట్టాలి, కదలకూడదు. ఆదిబాబు బిగబట్టాడు.

అదే సమయానికి గాజు వెనక గది తలుపు తీసి ఎవడో తొంగిచూశాడు. సూరజ్ పిడికిలి బిగించి, బొటనవేలు తలుపు వైపు రెండుసార్లు విదిలించాడు. బయటికి పద, టీ తాగుదాం అని. వాడికి ఆ సైగ అంతే.

ఆదిబాబుకి అంతే కాదు. మిషను మోత, గాజు అవతల మనిషి, గాల్లో చెయ్యి. గొంతు కదలొద్దంటోంది, చెయ్యి ట్రాలీ కుడికి జరపమంటోంది. ఇరవై ఆరేళ్ళలో గొంతు మాట ఎప్పుడు విన్నాడు గనక? నడుము కుడివైపుకి జరిపాడు. రెండంగుళాలు. చేయితిరిగిన పనివాడు కదా, కుదుపు లేకుండా జరిగాడు. ఊపిరి మాత్రం వదల్లేదు.

సూరజ్ అప్పటికి తలుపు వైపు చూస్తున్నాడు.

మర్నాడు రిపోర్టు వచ్చింది. నాలుగు కాగితాలు, నల్ల ఫిల్ములు, ఒక సీడీ. గుండె ముందు వైపు నరం మధ్యలో డెబ్బై శాతం ఇరుకైనట్టు అనుమానం. న్యూక్లియర్ స్కాను, ఆపైన యాంజియోగ్రాం చేయించుకోవడం మంచిది. ఈ బొమ్మలు చదివే డాక్టరు ఇంకెక్కడో ఊళ్ళో ఉంటాడట, బొమ్మలు కంప్యూటర్లో ఆయన దగ్గరికి పోతాయట. ఆయన ఆదిబాబుని చూడలేదు. నిచ్చెన ఎక్కుతాడని ఆయనకి ఎవరూ చెప్పలేదు. అడగాలని ఆయనకీ తోచలేదు.

టీకొట్లో ఆ సాయంత్రం చూడాలి. "డెబ్బయ్యా!" అని నలభై వాడు లేచి నిలబడ్డాడు. సూర్యం గుడ్డతో బెంచీ తుడిచి, చక్కెర లేని టీ ఇచ్చాడు. బలరామ్ పరుగెత్తుకొచ్చి భుజాల మీద చెయ్యేశాడు.

"సూసినావా ఆదీ, క్యాంపెట్టకపోతే ఏటయిపోదువు? ఒక పేణం నిలబెట్టినానురా నాను!"

ఆ రోజు ఆదిబాబు గుడ్డు కథ మొత్తం చెప్పాడు. అందరూ విన్నారు.

మర్నాడు షెడ్డులోనూ చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. డెబ్బై అనే అంకె టీకొట్లో పెద్దరికం, షెడ్డులో నేరం. ఆ మాట మధ్యాహ్నానికల్లా నాగేంద్రబాబు చెవిన పడింది. నాగేంద్రబాబు కాంట్రాక్టరు తరఫున సేఫ్టీ ఆఫీసరు, బరంపురం వైపు మనిషి. చెడ్డవాడేం కాదు. కాగితం లేనిదే తన పేరు కూడా నమ్మని రకం.

"డెబ్బయ్యా? కుర్సీ దిగు," అన్నాడు.

"సారు, నాను బాగానే ఉన్నాను. ఏ నొప్పీ నేదు."

"నువ్వు బాగుంటే సరిపోదయ్యా, కాగజ్ బాగుండాలి. కొక్కేనికి ముప్పై టన్నులుండగా నువ్వు పైన కళ్ళు తేలేస్తే కింద ఎంతమంది? శనివారం నీ గేట్ పాసు గడువు. ఈలోగా డాక్టరు దగ్గర ఫిట్‌నెస్ కాగజ్ తే. తేకపోతే ఆ సీటుకి రాయగడ నుంచి ఒకడొస్తున్నాడు."

ఆదిబాబుని కింద స్క్రాప్ ఏరడానికి పెట్టారు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి క్రేన్‌ని కింది నుంచి చూశాడు. పైన ఎవడో బదిలీ మనిషి బరువుని ఊయల ఊపినట్టు ఊపుతున్నాడు. చూడలేక తల తిప్పుకున్నాడు. సీటు పోతే ఇంకెక్కడా దొరకదు. యాభై రెండేళ్ళవాణ్ణి కొత్తగా ఎవడూ క్రేన్ ఎక్కనివ్వడు.

భయం అప్పుడు మొదలైంది. మణికట్టు పట్టుకుని నాడి చూసుకోవడం మొదలెట్టాడు. చూసుకుంటే అది పరుగెత్తేది, పరుగెత్తుతోందని మళ్ళీ చూసుకునేవాడు. అరవై రెండు మెట్లకి రాని ఆయాసం ఇంటి గడపకి వచ్చింది. దాలమ్మ బకెట్టు ఎత్తనివ్వలేదు. ఇంత నోరున్న మనిషీ తిట్టడం మానేసింది. భార్య తిట్టడం మానేసిందంటే తన పని అయిపోయిందనుకున్నాడు ఆదిబాబు.

మంగళవారం స్కాన్ సెంటరు నుంచి ఫోనొచ్చింది. ఆడపిల్ల గొంతు, తేనెలా ఉంది.

"సార్, గురువారం న్యూక్లియర్ స్కాన్ బుక్ చేశాం. శుక్రవారం యాంజియో. ఇరుకు కనిపిస్తే అక్కడికక్కడే స్ప్రింగు పెట్టేస్తారు. ఇంకెన్నాళ్ళు సార్, లోపల బాంబు పెట్టుకుని తిరుగుతారు?"

"స్ప్రింగు ఎట్టించుకుంటే క్రేన్ ఎక్కొచ్చా అమ్మా?"

"అది తర్వాత ఇంకో స్కాన్ చేసి చెప్తారు సార్."

ఫోను పెట్టేసి అలాగే కూర్చున్నాడు. చేయించుకుంటే సీటు పోతుంది. చేయించుకోకపోతే కాగితం లేదు, అప్పుడూ సీటు పోతుంది. సీటు సంగతి అలా ఉంచితే, ఆ బాంబు మాట చెవిలోంచి పోవడం లేదు.

దాలమ్మ ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఒక మాట సెప్పు. ఇన్ని పరీచ్చలు సేసినారు కదా, ఎవలైనా నీ గుండెకాడ గొట్టమెట్టి ఇన్నారా?"

ఆదిబాబు ఆలోచించాడు. జెల్లు రాశారు, తీగలు అంటించారు, సూది గుచ్చారు, మిషనులోకి తోశారు.

"నేదు," అన్నాడు.

"నీకేటవుతందని అడిగినారా?"

"ఆధార్ కార్డు అడిగినారు."

"థూ!" అంది దాలమ్మ. ఆమె నోరు తిరిగి వచ్చినందుకు ఆదిబాబుకి కాస్త ప్రాణం లేచొచ్చింది.

బుధవారం పొద్దున మొగుణ్ణి సిద్ధగోరా లాక్కెళ్ళింది. అక్కడ డాక్టర్ యోగిత ఉంది. మూడంతస్తుల ఇంట్లో కింద ఒక గది, ఒక బల్ల, ఒక బీపీ మిషను, చప్పుడు చేసే ఫ్యాను. ఆవిడ దగ్గర బోర్డు తప్ప మెరిసేదేమీ లేదు, అందుకే మా టీకొట్టు మేధావులెవరూ అక్కడికి వెళ్ళరు. మెరవని చోట జబ్బు నయమవుతుందని వాళ్ళకి నమ్మకం లేదు.

ఆదిబాబు ఫిల్ముల కవరు బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాన్ని పక్కకి నెట్టింది.

"ముందు మీరు చెప్పండి. నొప్పి ఉందా?"

"నేదమ్మా."

"ఆయాసం?"

"ఉన్నాదమ్మా. నాలుగు రోజుల నుంచి."

"అంతకు ముందు?"

"నేదు."

"ఈ రిపోర్టు వచ్చి ఎన్నాళ్ళయింది?"

ఆదిబాబు వేళ్ళు లెక్కపెట్టాడు. దాలమ్మ నవ్వు ఆపుకోలేక పమిట నోట్లో కుక్కుకుంది.

"నాలుగు రోజులేనమ్మా," అన్నాడు తల వంచుకుని.

ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చిందా, సుగర్ ఉందా, ఎంత దూరం నడుస్తాడు, ఏం పని చేస్తాడు, అన్నీ అడిగింది. గొట్టం పెట్టి వింది. బీపీ రెండు చేతులకీ చూసి మొహం చిట్లించింది.

"బీపీ ఎక్కువుంది. ఎప్పట్నుంచి?"

"నాకు తెల్దమ్మా."

ఆవిడ క్యాంపు కాగితం తీసి చూసింది. మూలన చిన్న అక్షరాలతో బీపీ రాసే ఉంది. అది ఎక్కువేనని, మాత్ర వేసుకోవాలని ఎవరూ చెప్పలేదు. బీపీకి ఫిల్ము ఉండదు, కూపనూ ఉండదు. అసలు ఉన్న జబ్బు మూలన పడుంది, లేని జబ్బుకి నాలుగు కాగితాలు.

అప్పుడు సీడీ పాత కంప్యూటర్లో పెట్టి, చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. తర్వాత తెర ఇద్దరి వైపూ తిప్పి పెన్నుతో చూపించింది.

"ఇది మీ రొమ్ము ఎముక. ఇక్కడ చూడండి, మధ్యలో మెట్టు పడినట్టు పక్కకి జరిగింది. ఎప్పుడైనా విరిగిందా?"

"నేదమ్మా."

"దాని మీద చర్మం కూడా అదే చోట మెట్టు దిగింది. గుండె నరం ఇరుగ్గా కనిపిస్తున్నదీ సరిగ్గా ఆ వరసలోనే. నరం ఇరుక్కోలేదు. మనిషి కదిలాడు, బొమ్మ తెగింది. నరానికి స్ప్రింగు వేస్తామన్నారు కదా, మరి ఎముకకేం వేస్తారట?"

"కదలొద్దని సెప్పలేదేటి?" అని దాలమ్మ మొగుడి మీద లేచింది. "తిన్నగా పడుకోడం కూడా రాదు!"

ఆదిబాబుకి రోషం వచ్చింది. కుర్చీలోంచి లేచాడు.

"నానెందుకు కదుల్తాను? ఆడే కదపమన్నాడు! ఇదుగో, ఇలగ, ట్రాలీ కుడికి అని సిగ్నలిచ్చినాడు. ఒక్కసారి కాదు, రెండుసార్లు. ఇచ్చినాక జరగకపోతే మరి ఎలగ?"

పిడికిలి బిగించి బొటనవేలు విదిలించి చూపించాడు. డాక్టరుకి ముందు అర్థం కాలేదు. షెడ్డు, ఖలాసీ, చేతి సైగలు అన్నీ వివరంగా చెప్పాక, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వడం అయ్యాక ఆవిడ మొహం మారింది.

"ఈ బొమ్మ ఎంతమంది చేతుల మీదుగా వచ్చిందో చూడండి. తీసినవాడు, చదివినవాడు, ఫోను చేసిన అమ్మాయి. ఒక్కరు ఎముక వైపు చూడలేదు. నరం చూస్తే ఇంకో పరీక్ష పుడుతుంది. ఎముక చూస్తే ఏం పుడుతుంది?"

"అంటే నాకేటీ నేదా అమ్మా?"

"రేపు ఏమీ రాదని నేను రాసివ్వను. నిచ్చెన సగంలో ఆగాల్సి వచ్చినా, రొమ్ము బిగిసినట్టున్నా ఆ రోజే రండి. అప్పుడు పరీక్షలు నేనే రాస్తాను. ఇవాళ రాయడానికి నాకు కారణం లేదు." కుర్చీ వెనక్కి నెట్టింది. "పదండి, మేడ ఎక్కండి. నేను వెనకాల వస్తాను."

ఆదిబాబు మెట్ల దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. మామూలు మెట్లు, సిమెంటువి, ఒక పక్క గోడ కూడా ఉంది. కాలు లేవడం లేదు. చెయ్యి దానంతట అదే మణికట్టు మీదికి వెళ్ళింది. బాంబు అన్న పిల్ల గొంతు వినబడింది. దాలమ్మ వైపు చూశాడు. ఆమె ఏదో ఒకటి అంటుందనుకున్నాడు, ఆమె అనలేదు, పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆమెకి కూడా భయంగానే ఉందని అప్పుడు తెలిసింది.

మణికట్టు వదిలి గోడ పట్టుకున్నాడు. ఒక మెట్టు. ఇంకొకటి. మొదటి అంతస్తులో గోడ వదిలేశాడు. రెండో అంతస్తులో ఎవరిదో సైకిలు దారికి అడ్డంగా ఉంటే, ఎక్కుతూనే ఆ సైకిలువాణ్ణి తిట్టాడు. కింద దాలమ్మకి ఆ తిట్టు వినబడింది. ఆమె మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

డాబా మీదికి వెళ్ళి దిగి వచ్చాడు. డాక్టరు మళ్ళీ ఎక్కమంది. మళ్ళీ ఎక్కి దిగాడు. నాడి చూసే ముందు ఆవిడే కాసేపు గోడకి చేరబడి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

"మీరు బాగానే ఉన్నారు. నాకే ఫొటో కావాలి," అంది.

బీపీ మాత్ర రాసింది. నోట్లో పెట్టుకునే ఖైనీ పొగాకు మానమంది, ఉప్పు తగ్గించమంది. షెడ్డువాళ్ళ ఫారం నింపి సంతకం పెట్టి, ముద్ర వేసింది. గురువారం తేనె గొంతు మళ్ళీ ఫోను చేస్తే దాలమ్మ ఎత్తింది. ఆమె ఏమందో రాస్తే ఈ కథ ఎవరూ అచ్చు వేయరు.

శుక్రవారం నాగేంద్రబాబు ఒక చేతిలో స్కాన్ ఫైలు, ఒక చేతిలో డాక్టరు కాగితం పట్టుకుని తూకం వేసినట్టు చూశాడు.

"ఇది కిలో ఉంది. ఇది ఒక్క కాగజే."

"పనికొచ్చీది అంతే ఉంటాది సారు."

"నేను ఏది నమ్మాలయ్యా?"

"మీ ఫారం ఏటడిగితే అది."

నాగేంద్రబాబు ఫారం చదివాడు. నాడి, నింపారు. బీపీ, నింపారు, మందు కూడా రాశారు. కళ్ళు, నింపారు. తలతిరుగుడు, మూర్ఛ, లేవు. వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు. గుండె ఫొటోలో ఎంత శాతం అని ఒక గడి ఉంటుందేమోనని వెతికాడు. లేదు. గడి లేని జబ్బుని ఏం చేసుకోవాలో ఆయనకి తోచలేదు. సిద్ధగోరాకి ఫోను చేసి డాక్టరుతో రెండు ముక్కలు మాట్లాడాడు, ముద్ర మీద నంబరు సరిచూసుకున్నాడు. కిలో ఫైలు తిరిగి ఇచ్చేశాడు.

"రేపు పొద్దుటి 'ఎ' షిఫ్టు నీది. టైముకి రా."

అలా ఆదిబాబు శనివారం పొద్దున అరవై రెండు మెట్లూ ఎక్కాడు. ఇంత చదువూ, ఇన్ని మిషన్లూ ఉన్న ఊళ్ళో ఒక మనిషి ఉద్యోగం నిలబడింది, ఫారంలో ఒక గడి లేకపోబట్టి.

ఆదివారం సంఘం హాల్లో మీటింగు. బలరామ్ కొత్త బ్యానరు కట్టించాడు: 'మన శిబిరం కాపాడిన ప్రాణం'. ఈసారి ఆదిబాబు బొమ్మ కూడా ఉంది, బలరామ్ మోచేతి కింద. వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి, మైకు ఇచ్చాడు. ఆదిబాబు ఎప్పుడూ మైకు పట్టుకోలేదు. రెండుసార్లు ఊది చూశాడు.

"నా గుండె బాగానే ఉండీది. మీరు సూసినాకే పాడయినాది. నాలుగు రోజులు నాను బతికుండగానే సచ్చినాను. మీ క్యాంపులో కనబడాల్సిన బీపీ కనబళ్ళేదు, నేని బ్లాకు కనబడినాది. నొప్పొచ్చినోణ్ణి తీసుకెళ్ళండి, నానే ఆటో పిలుత్తాను. ఏ నొప్పీ నేనోణ్ణి టోపీ ఇచ్చి పిలవకండి."

శాలువా తీసి కుర్చీ మీద పెట్టి దిగిపోయాడు. బలరామ్ తల దించుకున్నాడు.

ఇంతవరకు చెప్పినదాంట్లో బొటనవేలు నిజం, ఎముకలో మెట్టు నిజం, ఆదిబాబు మైకులో అన్న మాట కూడా ముక్కకి ముక్క నిజం. బలరామ్ తల దించుకోవడం ఒక్కటీ నేను కల్పించింది. ఆ తల అలా దిగితే బాగుంటుందని నాకు ఆశ పుట్టి రాశాను. నిజానికి మైకు అందుకుని, "సూసినారా, మన క్యాంపే లేకపోతే ఈయన గుండె ఇంత బాగున్నాదని ఈయనకి తెలుసునా?" అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది.